ముడి వెయ్యని చొక్కా

మంచు కరిగి నాలుగు రోజులు గట్టిగా ఎండ కాసిందంటే చాలు, మా వలెనీ ఊళ్లో ముసలమ్మలు తమ చావుబట్టల మూటలు విప్పి కంచెల మీద ఆరేసుకుంటారు. తలగుడ్డ, మేజోళ్లు, తువ్వాలు, పోయేటప్పుడు చేతిలో వెలిగించి పెట్టే కొవ్వొత్తి, అన్నిటికన్నా ముఖ్యంగా ఎవరికి వారు కుట్టుకున్న చొక్కా. ఒకరి కంచె దగ్గరికి ఒకరు వెళ్లి, పువ్వులెవరివి బాగా వచ్చాయో చూసి, కాస్త అసూయ కూడా పడతారు. అందులో ఏడుపేమీ ఉండదు.

ఆ ఉదయం పరస్కీవా కూడా మూట పట్టుకుని పెరట్లోకి వచ్చింది. చూపు మందగించింది కాబట్టి ఒక్కో బట్టనూ వేళ్లతో తడిమి ఆరేస్తోంది. వంటింటి కిటికీలోంచి కూతురు లుక్రేత్సియా అటే చూస్తోంది. చేతిలో ఇస్త్రీ పెట్టె, బల్ల మీద తను శనివారం తొడుక్కోవలసిన నీలం గౌను. మనసు మాత్రం తల్లి వేళ్ల మీదే ఉంది.

దానికి కారణం ఉంది. ఇటలీలో, తురీనో నగరంలో బట్టల డిజైనరుగా పనిచేస్తున్న లుక్రేత్సియా కూతురు స్మరందాకి పెద్ద బహుమతి వచ్చింది. మా ప్రాంతాల పనితనాన్నీ, పై దేశాల్లో స్థిరపడిన మావాళ్ల పనితనాన్నీ మెచ్చి ఇచ్చే అంతర్జాతీయ డిజైన్ పురస్కారం అది. శనివారం తిమిషోవారా నగరంలో సభ. ఆ బహుమతి తెచ్చిన బట్టలన్నీ ఒక్క పాత చొక్కాని చూసి పుట్టినవే. నిరుడు వేసవిలో ఆ చొక్కాని తల్లికి చెప్పకుండా మూటలోంచి తీసి కూతురి సంచిలో పెట్టింది లుక్రేత్సియానే. నిన్న సాయంత్రం స్మరందా దాన్ని తిరిగి తేగానే, గుట్టు చప్పుడు కాకుండా మూటలో దూర్చేసింది.

పరస్కీవా చేతులు చొక్కా కుట్టు మీద ఆగిపోయాయి.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ముట్టుకోలేదే అంటూ లుక్రేత్సియా ఇస్త్రీ పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ముడి ఉంది. ఇదిగో, ఇక్కడింకొకటి. కుట్టు పొడుగునా ముళ్లే."

చచ్చినవాళ్ల చొక్కాకి ముడి వెయ్యకూడదు. దారం కొస అలా వదిలెయ్యాలి. ముడి పడితే ప్రాణం దాన్ని దాటి పోలేక ఇక్కడే కొట్టుకుంటుందంటారు. పరస్కీవా ఎన్నో చలికాలాలు కూర్చుని, ఒక్క ముడి లేకుండా ఆ చొక్కా కుట్టుకుంది. కుట్టడం పూర్తయ్యేసరికి చూపు సన్నగిల్లింది. ఇంకొకటి కుట్టుకునే శక్తి ఆమెకిక లేదు.

లుక్రేత్సియాకి కోపం నషాళానికి అంటింది. వసారాలో కాఫీ తాగుతున్న కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఏం చేశావని అడిగింది. స్మరందా బిత్తరపోయింది. కుట్లు ఊడిపోతుంటే స్టూడియోలో అమ్మాయిలు ప్రతి కొసకీ ముడేశారనీ, పాతదాన్ని అంత జాగ్రత్తగా బాగుచేసినందుకు న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారనీ చెప్పింది. ముళ్లు లేకపోతే మోడల్ తొడుక్కుని నడిచేటప్పుడు చిరిగిపోయేదట.

"తొడుక్కుందా?" అంది పరస్కీవా. అని, నీళ్ల తొట్టి అంచు మీద కూలబడింది.

లుక్రేత్సియా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. సిగ్గులేనిదానా అంది, ఊరు మరిచినదానా అంది. ముసలిదాని చావుబట్టలు ఎవత్తెకో తొడిగి ఊరేగించి, దానికి బహుమతి కూడా పుచ్చుకుంటున్నావా అని అరిచింది. పక్కింటి కంచె దగ్గర ఇద్దరు ముసలమ్మలు తమ మూటలు వదిలేసి ఇటు చెవులప్పగించారు.

స్మరందా తల్లి వైపు తిరిగింది. "చావుబట్టలా? పాత పండగ చొక్కా అని కదా నువ్వు చెప్పింది?"

"నేను చెప్పాలా? ఈ ఊళ్లో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది."

"ఏ పిల్ల చెబుతుందమ్మా? అమ్మమ్మ పక్కన కూర్చుని సూది పట్టుకుంటే నా వేళ్ల మీద కొట్టిందెవరు? చదువు రానివాళ్ల పని నీకెందుకే అన్నదెవరు? నా ఊరి కుట్టుని నేను పరాయి దేశంలో, పరాయివాళ్ల దగ్గర నేర్చుకున్నాను. బహుమతొచ్చిందని ఊరంతా చాటింపేశావు. బహుమతేమో మనదీ, ముడి మాత్రం నాదీనా?"

లుక్రేత్సియా కూతురి చేతిలో కాఫీ కప్పు లాక్కుని నేలకేసి కొట్టింది.

"నోళ్లు ముయ్యండి," అంది పరస్కీవా. "నేనింకా ఉన్నాను. మూటలోంచి తీసిందెవరు?"

తనేనని లుక్రేత్సియా ఒప్పుకుంది. అడిగితే నువ్విచ్చేదానివా అని ఎదురడిగింది. అందరూ పిల్లలకి పచ్చళ్లూ సారా సీసాలూ కట్టిస్తారనీ, తన బిడ్డకి ఈ ఇంట్లోని అన్నిటికన్నా అందమైనది ఇచ్చి పంపాలనుకున్నాననీ చెబుతూ ఏడ్చేసింది.

"అయితే అదేమిటో దానికెందుకు చెప్పలేదు?"

"నవ్వుతుందేమోనని. ఈ కాలంలో కూడా చావుకి బట్టలు కుట్టుకుంటారా అంటుందేమోనని సిగ్గేసింది."

"నా చావుకి సిగ్గుపడ్డావన్నమాట," అంది ముసలావిడ. ఆ మాట లుక్రేత్సియాకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

స్మరందా వచ్చి అమ్మమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ముళ్లన్నీ విప్పేస్తానంది. బహుమతి వద్దని ఇప్పుడే ఫోన్ చేస్తానంది. పరస్కీవా కోపం ఇంకా చల్లారలేదు. ఇంట ఓడి రచ్చ గెలిచింది నా మనవరాలు అని ఎత్తిపొడిచింది. బహుమతి తిప్పి పంపితే చొక్కాకి పాత రోజులొస్తాయా అని కసిరింది. ముళ్లు విప్పినా లాభం లేదట. ప్రాణమున్న ఒంటి మీదకి ఒక్కసారి ఎక్కిన బట్ట ఇక చావుకి పనికిరాదు.

అంటూనే లేచి, కంచె మీది చొక్కా తీసి తన ఒంటి మీది గౌను పైనే తొడుక్కుంది. కుట్టుకున్ననాటికన్నా మనిషి తగ్గిపోయింది. చొక్కా చేతులు వదులుగా వేలాడాయి. ఛాతీ మీది నల్ల పువ్వుల్ని తడుముకుంది.

"దీన్ని నేను ఒక్కసారీ తొడుక్కోలేదు. చచ్చాక తొడిగితే నాకేం తెలుస్తుంది? శనివారం దీంతోనే వస్తాను. ఇదేమిటో ఆ సభలో నువ్వే చెప్పాలి. పండగ చొక్కా అన్నావో, అక్కడే చెంప పగలగొడతాను. ఆ తర్వాత నాకింకొకటి కుట్టి పెట్టు. నా చేతులు పోయాయి. నీవి ఉన్నాయి కదా."

ఆ మధ్యాహ్నమే పెట్టెలోంచి నారబట్ట బయటికొచ్చింది. ముడి లేకుండా కుట్టడం స్మరందాకి చేతకాలేదు. నాలుగు పోట్లు వేసేసరికి దారం మొత్తం ఊడి చేతిలోకొచ్చేది. కొస వెనక్కి తిప్పి తొక్కిపెట్టమని ముసలావిడ తిడుతూనే చెప్పింది. లుక్రేత్సియా వచ్చి పక్కన కూర్చుని, సూదుల్లోకి దారాలెక్కించి ఇస్తోంది. చీకటి పడుతుండగా ఒక చిన్న పువ్వు పూర్తయింది.

స్మరందాకి ప్రాణం లేచొచ్చింది. తురీనోకి సెలవు కబురు పెడతాననీ, రాత్రింబవళ్లు కూర్చుని ఎండాకాలంలోగా చొక్కా పూర్తి చేసిస్తాననీ అంది.

"తొందరెందుకే పిచ్చిదానా? అది పూర్తయ్యేదాకా నాకు చచ్చే వీల్లేదు," అంది పరస్కీవా.

లుక్రేత్సియా చెయ్యి చాచి, కూతురి ఒళ్లోంచి ఆ బట్ట తీసుకుంది. కిటికీ వెలుగులో పువ్వుని అటూ ఇటూ తిప్పి చూసింది. కుట్టు వంకరగా వచ్చింది, మళ్లీ మొదటినించీ కుట్టు అంటూ దారమంతా లాగేసింది.

కుట్టు తిన్నగానే ఉంది.