లోహిత చేతులు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతున్న అమ్మమ్మ తవిటమ్మ. సెలవులకని విజయనగరం నుంచి దిగి, దిగినప్పటి నుంచి జుట్టు విరబోసుకునే తిరుగుతున్న పెద్దమ్మ కూతురు ఝాన్సీ. బిగించిన జడతో, కిటికీ దగ్గర డైరీ ముందేసుకుని ఒక్క ముక్కా రాయని ఈశ్వరి. నాలుగోవాడు, పక్కవీధిలో ఉండే మేనమామ కొడుకు ఉమాశంకర్, అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టాడు. వానకు తడవకుండా చొక్కా లోపల పుస్తకం దాచుకుని వచ్చాడు.

అతను ఇద్దరికీ బావే. ఈశ్వరి బాధల్లో అది మొదటిది.

రెండోది ఆ పుస్తకం.

పరంజ్యోతి గారి అంతరిక్ష నవలలు ఆరూ ఈశ్వరి, ఉమాశంకర్ కలిసే చదివారు. ఒకరు చదివి ఇంకొకరికి ఇవ్వడం, ఆపైన అరుగు మీద కూర్చుని పోట్లాడుకోవడం. నౌక నడిపే లోహిత అంటే ఇద్దరికీ ప్రాణం. నాలుగేళ్ళుగా ఈశ్వరి ఆమెను మనసులో చూస్తూనే ఉంది. పొట్టి మనిషి, బిగించిన జడ, ఎండకు కమిలిన ముఖం. అచ్చం ఎవరిలా ఉంటుందో డైరీకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు రచయిత తన చేత్తో గీసుకున్న బొమ్మలన్నీ కలిపి పుస్తకంగా వేశారు. పోస్టులో రాగానే ఆత్రంగా విప్పి చూస్తే, అంత గొప్ప నౌక కాస్తా రైసుమిల్లు గొట్టంలా ఉంది. పోనీలే అనుకుంది. పేజీ తిప్పితే లోహిత. పొడుగ్గా, గిరజాల జుట్టు గాలికొదిలేసి, ఏనాడూ వంకాయ కూడా తరగనట్టున్న వేళ్ళతో.

అచ్చం ఝాన్సీ.

ఉమాశంకర్ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఓ వారం నా దగ్గరుంచుతానే" అని పట్టుకుపోయాడు. ఆ వారంలోనే ఝాన్సీ దిగింది.

"ఏటి బావా, బొమ్మలో పిల్లని వదల్లేకపోయినావా?" అంది ఈశ్వరి. నవ్వుతూ అనాలనుకుంది. నవ్వు రాలేదు.

"వదల్లేకే అట్టుకెళ్ళాను."

"ఎవరా పిల్ల? నేనూ సూస్తాను!" ఝాన్సీ పుస్తకం లాక్కుంది. "బాబోయ్! అమ్మమ్మా, ఇటు సూడు, సేమ్ టు సేమ్ నేనే!"

అమ్మమ్మ కళ్ళు చికిలించింది. "అవునే. నీలాగే ఉన్నాది. నూనె రాయని తల."

ఈశ్వరి చేతులు చున్నీలోకి పోయాయి. ఎవరైనా ఉంటే అవి అక్కడే ఉంటాయి. సెలవుల్లో ఆమె జీడిపిక్కలు కొట్టడానికి వెళ్తుంది. ఆ పెంకుల్లోని జీడి రసం అంటుకుని వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. సబ్బుకు పోదు, నిమ్మచెక్కకూ పోదు.

"బాగున్నానా బావా?" ఝాన్సీ జుట్టు ఎగరేసింది.

"నలభై ఒకటో పేజీ మాత్రం సూడకు." ఉమాశంకర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇచ్చీ ఝాన్సీ. ఇచ్చీమంటన్నానా!"

చూడొద్దంటే ఝాన్సీ ఆగుతుందా? చూసింది. ముందు పకపకా నవ్వింది. అంతలోనే నవ్వాపి బావ వంక చూసి, "ఓహో" అంది.

ఏదో రాసుంటాడు! ఈశ్వరి ముఖం పక్కకి తిప్పేసుకుంది.

"ఆ బుక్కు అక్కకే ఇచ్చీ బావా. నాకొద్దు. పరంజ్యోతి గారికి గీయడం రాదు, నీకు సూడ్డం రాదు," అంది.

"ఆ బొమ్మ నాకు నచ్చిందని నీతో ఎవరు సెప్పారే?"

"నచ్చకపోతే వారం రోజులు ఎందుకు అట్టీపెట్టుకున్నావు?"

"ఒసే పిచ్చీ, ముందిది సూడు." ఝాన్సీ పుస్తకం తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టింది. "కొత్త పుస్తకం పాడుసేసి అట్టుకొచ్చినాడు."

లోహిత ఇంజన్ విప్పుతున్న బొమ్మ. ఆమె తెల్లటి వేళ్ళకు కొసల దగ్గర ఎవరో పెన్సిల్‌తో నలుపు పెట్టారు. ఒక వేలికి ఎక్కువ, ఒక వేలికి తక్కువ, గోటి చుట్టూ చారలు చారలుగా. చెరిపి చెరిపి గీసినట్టుంది, కాగితం పలచబడిపోయింది. కుడి బొటనవేలు ఒక్కటే తెల్లగా ఉండిపోయింది.

"ఇంజన్ ఇప్పే పిల్లకి సేతులు అంత తెల్లగా ఎలగుంటాయి?" ఉమాశంకర్ చూరు నుంచి కారుతున్న నీళ్ళతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "పని సేసే సెయ్యి ఆయన సూసుండడు. నేను సూసాను."

అమ్మమ్మ రాళ్ళేరడం ఆపింది.

"బొటనవేలు మర్సిపోయినావు," అంది ఈశ్వరి.

"మర్సిపోలేదు. నువ్వు దాన్ని ఎప్పుడూ సున్నీలోనే దాసీస్తావు. ఎలగుంటాదో తెలీక వదిలీసాను." జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి చూపించి, ఇంక అక్కడ నిలబడలేక అరుగు మీదికి వెళ్ళిపోయాడు.

"నా డైరీ..." అంది ఈశ్వరి కిటికీ వైపు తిరిగి.

"రాసుకోడానికి ముందు ఏదో ఒకటి అవ్వాలి కదే!" ఝాన్సీ ఆమె రెండు భుజాలూ పట్టుకుని గుమ్మం దాటించింది.

"తలుపేటికే ఏస్తన్నావు, వాన కొడతందా?" లోపల్నుంచి అమ్మమ్మ.

"అవునమ్మమ్మా, ఒకటే వాన."

వాన అప్పటికే వెలిసిపోయింది. అరుగు మీద ఉమాశంకర్ ఒక చేత్తో పెన్సిల్ పట్టుకుని, రెండో అరచెయ్యి ఆమె వైపు చాపి కూర్చున్నాడు.

"అక్కా..." అని ఈశ్వరి వెనక్కి తిరిగేసరికి ఝాన్సీ ఆమె ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టేసింది.