తృప్తి వాయించే అయిదు స్వరాలు

కుదిరిన సంబంధం తప్పిపోయిన నాటినుంచి మోటార్ల జనార్ధన్ బిడ్డ తృప్తికి మతి ఒకచోట ఆగిపోయిందని, అందుకే పియానో మీద ఒకటే ముక్కను గంటల తరబడి వాయిస్తుందని లాల్‌గడి మలక్‌పేట్ కొత్త లేఅవుట్‌లో అందరూ నమ్మేవారు. ఈ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. తెలియనంత మాత్రాన నమ్మకానికి లోటేమీ రాలేదు.

ఆ గురువారం ఉదయం తల్లి విజయమ్మ రొట్టెలు కాలుస్తుండగా ముందుగదిలోంచి అవే అయిదు స్వరాలు వినిపిస్తున్నాయి. ఎవరో వాడి అమ్మిన డిజిటల్ పియానో ముందు తృప్తి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. పక్కింటి తారాబాయి కొత్తిమీర కట్టతో వంటింట్లోకి వచ్చింది.

“వదినా, మా మిక్సీ సుత ఇంతసేపు తిరగదే! ఆదివారం పిల్లగాని వాళ్లు వస్తున్నరంటివి. వాళ్ల ముంగట గిదే కొడితే ఏమైతది? రేపు శుక్రారమే గదా, పోయి తాయెత్తన్న కట్టించు.”

విజయమ్మ కళ్ళలో నీళ్లు తిరిగాయి. స్నానం చేసి వచ్చిన భర్తను చూడగానే ఆమె గొంతు పెరిగింది. “వింటున్నవా? నలుగురు నవ్వుతున్నరు. ఆ పియానోను ఇంట్లకెల్లి తీసెయ్యి, ఇగ నాతోని కాదు.”

జనార్ధన్ ముందుగదిలోకి వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. సగంలో తెగిన స్వరం దగ్గర తృప్తి వేళ్లు అలాగే నిలిచిపోయాయి.

“బాపు! ఎల్లుండి కౌకూర్ బడిల గిదే వాయించి చూపెట్టాలె. సంగీతం టీచర్ కొలువు. మధ్యల రేపొక్కటే ఉన్నది.”

“చాలు బిడ్డా. ఇయ్యాలనే దీన్ని షాపుకు తీస్కపోత.”

“నాకు మతి ఆగిందని నువ్వు గూడ నమ్ముతున్నవా?”

జనార్ధన్ చేతిలోని ప్లగ్గు వైపు చూశాడు. అంతకు మించిన జవాబు ఆమెకు అక్కర్లేకపోయింది. నెమ్మదిగా అడిగింది. “మోటారు చుట్టేటప్పుడు చుట్లు లెక్కవెట్టకుంట అందాజగ చుడ్తవా?”

“అట్ల చుడితే నెలకే కాలిపోతది.”

“మరి నా దాన్ని అందాజగనే ఒకటే అంటున్నవ్ గదా.”

షామీర్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా ఆయన కాలిన బోరు మోటార్లకు చేత్తో తీగ చుడుతున్నాడు. పది చుట్లకొక చింతగింజను పళ్ళెంలో వేస్తాడు. ఆ సమయంలో షాపులో ఎవరూ పలకరించరు. అలాంటి మనిషిని లెక్కపెట్టలేదని కూతురు నిలదీసింది. ఆయన లోపలికి వెళ్లి గింజల డబ్బా, రెండు పళ్ళేలు తెచ్చి నేలమీద కూర్చున్నాడు.

“అయిదు స్వరాల వరుసకొక గింజ. ముందటి తీరుగనే ఉంటే ఎడమకేస్త. తేడా ఉంటే కుడికేస్త. ఎడమ దాంట్ల ఎక్కువుంటే నువ్వు బడి మాట ఎత్తొద్దు.”

“సరే.” ఆమె తానే ప్లగ్గు పెట్టుకుంది.

వాయించడం మొదలైంది. ఎడమ పళ్ళెంలో పన్నెండు గింజలు వరసగా పడ్డాయి. తలుపు దగ్గర నిలబడ్డ విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదమూడో గింజ జనార్ధన్ వేళ్ల మధ్యనే ఆగింది. చివరి స్వరం మొదట్లో కంటే బాగా సాగుతోంది. ఎప్పటినుంచి సాగుతోందో ఆయనకు తెలియలేదు.

“ఆపు.”

“అయిపోయిందా, బాపు?”

“లేదు బిడ్డా. ఇంకింత సేపట్ల పాట వస్తదని ఎదురుచూస్తున్న. ఉన్నదాన్ని వినలే. తప్పు నాది, మొదటికెల్లి కొట్టు.”

ఎడమ పళ్ళెంలోని గింజలను డబ్బాలోకి వంచేశాడు. బేరింగు చప్పుడు వినేటప్పుడు మోటారు మీద చేయి వేసినట్టే పియానో చెక్క మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. విజయమ్మ పొయ్యి ఆర్పింది. రెండో వరుసలో చివరి స్వరం పిసరంత సాగింది, రెండో చేత్తో ఆయన కుడి పళ్ళెంలో గింజ వేశాడు. మూడో వరుసలో నడిమి స్వరం మెత్తబడింది. ఆ తర్వాత అది ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది, ఆపైన దాని పక్కన కొత్తదొకటి చేరింది, ఇంకాసేపటికి పాతదొకటి చెప్పకుండానే తప్పుకుంది. రొట్టెలు చల్లారిపోయాయి. తారాబాయి కొత్తిమీర కట్టతోనే గడప మీద కూర్చుండిపోయింది.

ఆఖరి స్వరం గదిలో అణిగిపోయాక జనార్ధన్ భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“దీన్నేమంటరు బిడ్డా?”

“మినిమలిస్ట్ సంగీతమంటరు బాపు. కొంచెంతోనే నడుస్తది. ఆ సంబంధం పోయినంక నా తలకాయల ఒకటే మాట తిరుగుతుండె. మాట పోకున్నా సరే, ఇంతింత మార్చుకుంట ముంగటికి పోవచ్చని దీన్ని వాయిస్తుంటేనే తెలిసింది.”

“మాకు చెప్పకపోతివి?”

“దినాం చెప్తనే ఉన్న గదా, గిట్ల.”

విజయమ్మ వచ్చి కూతురి తలను రొమ్ముకు హత్తుకుంది. “అందరు అంటుంటే నేను గూడ నమ్మిన బిడ్డా. కన్నతల్లినై ఉండి నమ్మిన.”

“ఎల్లుండి షాపు బంద్,” అన్నాడు జనార్ధన్. “కౌకూర్‌కు ముగ్గురం పోదాం. ఆదివారం వచ్చేటోళ్లకు ముందే చెప్త, ఇది విన్నంకనే చాయ్ అని.”

“ఇంతకీ ఏం తేలిందన్నా?” గడప మీంచి తారాబాయి అడిగింది.

ఆయన రెండు పళ్ళేలనూ ఆమె ముందుకు జరిపాడు. తారాబాయి కుడి పళ్ళెంలోని గింజలను రెండుసార్లు లెక్కపెట్టింది. నూట నాలుగు ఉన్నాయి. ఎడమ పళ్ళెంలో ఒక్కటి కూడా లేదు.