ఎర్రకణం చెప్పిన సాక్ష్యం

ఉదయం తొమ్మిదింపావుకు ల్యాబ్ నేల మీద రెండు లీటర్ల రక్తం ఉంది. మనిషి మాత్రం లేదు. రక్తపు చార టేబుల్ దగ్గర మొదలై కిటికీ దాకా పోయింది. కిటికీ కింద నది. గజ ఈతగాళ్ళు దిగి గంటసేపు గాలిస్తే ఒక చెప్పు దొరికింది.

ఆ చెప్పు ఏజెంట్ నైన్ వాళ్ళ అక్కది.

జీవకణాల మీద పరిశోధన చేసే ఆ అక్క తప్ప అతనికి నా అనేవాళ్ళు లేరు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా ఒళ్ళంతా తిమ్మిరెక్కిపోయింది. చిన్నప్పుడు అక్క అతనికి పెట్టిన ముద్దుపేరు 'మొద్దు'. ఇన్నేళ్ళకు ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

"మూడు రోజులు సెలవు తీసుకో," అన్నాడు చీఫ్. టీలో విరిగిపడిన బిస్కెట్‌ను చెంచాతో వెతుకుతున్నాడు. "విదేశీ ముఠా పని ఇది. మీ అక్క ఫ్లాస్కు ఎత్తుకుపోయారు. కేసు మాత్రం నీకివ్వను. సొంతవాళ్ళ కేసు ఇవ్వకూడదని రూలు."

"ఫ్లాస్కులో ఏముంది సార్?"

"కణాలు. నాకు అర్థమైనంత చెప్తా. కణమంటే ఫ్యాక్టరీ అనుకో. కేంద్రకంలో ప్లాను, రైబోజోముల్లో తయారీ, గాల్జీలో ప్యాకింగు, మైటోకాండ్రియాలో కరెంటు. మీ అక్క ప్లాను మార్చింది. ఇప్పుడా ఫ్యాక్టరీ నొప్పి తెలియనివ్వని ప్రోటీన్ చేస్తోంది. డాక్టరు చేతిలో మందు. వాళ్ళ చేతిలో మోతాదు మించితే ఊరు ఊరంతా కాళ్ళూ చేతులూ పడిపోయి కూర్చుంటుంది."

పక్క కుర్చీలో నెమలి కళ్ళు ఒత్తుకుంది. ఆమె ఏజెన్సీ ఫోరెన్సిక్ ఆఫీసరు, నెమలి ఆమె కోడ్‌పేరు. నీలం సిల్కు కోటు, పొడుగు మెడ. గదిలోకి ఆమెకన్నా ముందు ఆమె సెంటు వచ్చేది.

"రక్తాన్ని మైక్రోస్కోపులో నేనే చూశానండీ. మనిషి రక్తమే, మీ అక్కగారి గ్రూపే. అంత పోయాక ఎవరూ బతకరు," అంటూ తన చేతిరుమాలు అతని చేతిలో పెట్టింది.

అక్క సామాను తెచ్చుకుంటానని అతను ల్యాబ్‌కు వెళ్ళాడు. అనుమానం ఉండి కాదు. చేతులకు పని లేక, టేబుల్ కాలి దగ్గర ఇంకా తడిగా ఉన్న చుక్కను గాజుపలక మీద పట్టి, నీలం రంగు వేసి, అక్క మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

తొమ్మిదో తరగతిలో బయాలజీ తప్పినప్పుడు అక్క అతని వేలికి సూది గుచ్చి ఇలాగే చూపించింది. "చూడరా మొద్దూ. మన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు. ఆక్సిజన్ మోయడానికి చోటు కావాలని ఉన్నదాన్నీ బయటికి తోసేసింది. నాలుగు నెలలు మోస్తుంది, చస్తుంది. ఎందుకని అడగదు." అతను గూఢచారి అయ్యాక, సరైన ఉద్యోగమే దొరికిందని వెక్కిరించింది కూడా.

ఇప్పుడు కనిపిస్తున్న కణాలు గుండ్రంగా లేవు, కోలగా ఉన్నాయి. ఒక్కోదాని నడుమ నీలం చుక్క. కేంద్రకం. ఇది పక్షి రక్తం.

ఫ్రిజ్ తెరిచాడు. టీకాల పరీక్షకు ల్యాబ్‌లో కోడి రక్తం వాడతారు. మనిషి రక్తం సీసా ఉంది. కోడిది ఉండాల్సిన చోట తడి వలయం మాత్రమే మిగిలింది. అంటే అక్క బతికే ఉంది. కోడి రక్తాన్ని మనిషి రక్తమని చెప్పిన ఆఫీసరుకు కళ్ళైనా పోయుండాలి, లేదా ఆమె అమ్ముడైనా పోయుండాలి. నెమలి చూపు బాగానే ఉంది.

ఆఫీసు వరండాలో నెమలికి రుమాలు తిరిగిచ్చేశాడు. అప్పటికే దాని అంచులో పెసరగింజంత ట్రాన్స్‌మిటర్ దూర్చి ఉంచాడు.

"పాపం, తడి కూడా కాలేదు," అంది నెమలి జాలిగా.

గంట తర్వాత అతని చెవిలో మగ గొంతు పలికింది. "ఫ్యాక్టరీ?"

"ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాను," అంది నెమలి.

"మేనేజరు?"

"మత్తులో ఉంది. నాలుగింటికి ఎయిర్‌స్ట్రిప్‌లో."

చీఫ్‌కు కబురు పంపి, ఏజెంట్ నైన్ మీసం అతికించుకుని మంచినీళ్ళ క్యాను భుజానికెత్తుకున్నాడు. సెలవులో ఉన్నవాడికి రూల్సేమిటి?

నాలుగుకు మూడు నిమిషాలు. విమానం ఇంజను రొద పెడుతోంది. పేషెంటు పేరుతో అక్క స్ట్రెచర్ మీద ఉంది. నెమలి మెట్టెక్కుతుంటే నీళ్ళవాడు కాలుజారి ఆమె మీద పడ్డాడు. లేచేసరికి కోటులోని ఫ్లాస్కు అతని చేతిలో ఉంది, మూత ఊడి ఉంది, క్యాను దాని మీదికి వంగి ఉంది.

"కదిలితే పోస్తా."

"మంచినీళ్ళేగా!" పైలట్ నవ్వుతూ పిస్తోలు తీశాడు.

నెమలి నవ్వలేదు. జంతుకణానికి గోడ ఉండదు, పల్చటి పొర తప్ప. ఉప్పు లేని నీళ్ళు తగిలితే తాగి తాగి ఉబ్బి పగులుతుంది. "తుపాకీ దించరా దరిద్రుడా!" అని అరిచింది.

"స్ట్రెచర్ దించి, వెనక్కి నడవండి," అన్నాడతను. నడిచారు.

"ఇక ఫ్లాస్కు ఇవ్వండి. మాటంటే మాటే," అంది నెమలి.

"నేను మాటివ్వలేదండీ." నీళ్ళు ఫ్లాస్కులోకి గబగబా ఒంపేశాడు. పైలట్ కాల్చిన గుండు క్యానులో దిగింది. రెండో గుండు పేలేలోపు చీఫ్ జీపులు విమానానికి అడ్డం పడ్డాయి.

సాయంత్రం ఆసుపత్రిలో అక్క కళ్ళు తెరిచింది. "ఫ్లాస్కు?"

"నీళ్ళు పోశానక్కా."

"పదకొండేళ్ళ పనిరా. పోనీలే, నైట్రోజన్ ట్యాంకులో ఇంకో పన్నెండు సీసాలున్నాయి. ఒక్కదాన్నే నమ్ముకుంటే నేనూ నీలా బయాలజీ తప్పేదాన్ని."

"మరి కోడి రక్తం?"

"నేను చచ్చినట్టు చూపించడానికి, మనిషి రక్తం ఏ సీసాలో ఉందని అడిగారు. కోడిది చూపించా. ఎవరో ఒకరు చూస్తారనుకున్నా. నువ్వని మాత్రం కల్లో కూడా అనుకోలేదు." తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "నాకోసం ఏడ్చావా?"

"లేదక్కా. రాలేదు."

"వస్తుందిలే. నీకన్నీ ఆలస్యమే."

సోమవారం అతని బల్ల మీద ఆఫీసు కాగితం ఉంది. 'మీ అక్కగారు బతికే ఉన్నందున, ఆమె మరణానికి మంజూరు చేసిన మూడు రోజుల సెలవు రద్దు చేయడమైనది.'

మొదటి నాలుగు మాటలు మళ్ళీ చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ముక్కు ఎగబీల్చి, అదే కాగితం వెనక అర్జీ రాశాడు. ఏడవడానికి ఒక పూట సెలవు కావాలని.