జవాబు కోసం కొట్టే ఇనపరేకు

మిట్టమధ్యాహ్నం... అయినా చీకటి!

శిఖరం మీంచి జారిన కారుమబ్బు ఊరిని నిలువునా మింగేసింది. వీధిలో ఎదురొచ్చే మనిషి మొహం కనబడడం లేదు. పట్టపగలే గుడ్లగూబ కూస్తోంది... ఊపిరి తిప్పుకోకుండా, ఎవరినో శపిస్తున్నట్టు! మేఘగర్భంలో ఎక్కడో ఉరుము దొర్లింది.

ఆ వెనకే వచ్చింది ఆ చప్పుడు.

ఖంగ్... ఖంగ్... ఖంగ్...!

లాడ్జి మెట్లెక్కుతున్న నీరుకాపరి కొడుకు చేతిలోంచి దుప్పట్ల మూట జారిపోయింది. ఆ చప్పుడు పైన మడుగు తూము దగ్గర నుంచి వస్తోంది. మొదటి రెండు దెబ్బలూ గట్టిగా, మూడోది కాస్త ఆగి, మెత్తగా. ఈ కొండ మీద అలా కొట్టే చెయ్యి ఒక్కటే. అది వాళ్ల నాన్న చెయ్యి.

నాన్నను మట్టిలో పెట్టి ఏడాది దాటింది!

వానలకు మడుగు నిండితే తూము పలక ఎత్తి, కాలవలోకి నీళ్లు వదలడం ఆ ముసలాయన పని. ఎత్తే ముందు పైన వేలాడే ఇనపరేకు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. ‘వదలనా?’ అని దానర్థం. కింద కాలవ ఒడ్డున ఉన్న ఇళ్లలోంచి ఎవరో ఒకరు బయటికొచ్చి, దారిలో పిల్లలూ పశువులూ లేరని చూసుకుని, తమ రేకు మీద మూడు కొట్టాలి. ‘ఖాళీ, వదులు’ అని. ఆ జవాబు రాకపోతే ఆయన రోజంతా వానలో నానుతూ నిలబడేవాడే గానీ పలక మీద చెయ్యి వేసేవాడు కాదు. జవాబు వచ్చాక కూడా, ఎవరైనా ఆలస్యంగా దాటుతారేమోనని ఒక బీడీ కాల్చి, అప్పుడు ఎత్తేవాడు.

కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ జవాబు కొట్టింది కోడలే. “మా అమ్మడు కొట్టిందంటే చీమ కూడా దారిలో లేనట్టే” అని మురిసిపోయేవాడు మామ.

తరవాత రోడ్డు వచ్చింది. రోడ్డు వెంట కొత్తవాళ్లు వచ్చారు. గొర్రెలు మేపినవాళ్లు కార్లు తోలడం నేర్చారు. మగ్గాలు టీ దుకాణాల్లో బల్లలయ్యాయి. కుళాయిలు వచ్చాక కాలవ ఎవరికీ అక్కర్లేకపోయింది. దాన్ని పూడ్చి, దాని మీద బండ్లు నిలబెట్టారు. “నీళ్లు పోయిన దారిలోనే బండ్లు పెట్టాం బావా, రెండూ కిందికే పోయేవి కదా!” అని నవ్వాడు కారు తోలే బావమరిది.

ఆ కొత్తవాళ్లలో ఒకడు... ఉంగరాలాయన! చేతివేళ్లకే కాదు, కాలివేళ్లకు కూడా ఇత్తడి ఉంగరాలు. నవ్వితే పెదవులు కదిలేవి గానీ కళ్లు కదిలేవి కావు. సరిగ్గా కాలవ నోటి దగ్గర మూడంతస్తుల లాడ్జి కట్టాడు. “ఇది నీళ్ల దారండీ” అని ఊరివాళ్లు చెబితే, “మడుగు నా మాట వింటుంది” అన్నాడు.

నిజంగానే వింది! ముసలాయన పోయిన తరవాత ఎన్ని వానలు కురిసినా ఒక్క చుక్క పొర్లలేదు. నిండుమడుగు మీద అతిథుల పడవలు తిరిగాయి. ఊళ్లో ప్రతి ఇంటి ఇనపరేకునూ అడిగి తీసుకుని, తుడిపించి, లాడ్జి గోడలకు అలంకారంగా వేలాడదీశాడు. మబ్బు దిగిన ప్రతి మధ్యాహ్నం పైనుంచి ఆ మూడు దెబ్బలూ వినిపించేవి. అతిథులు ఫోన్లలో పట్టుకుని, “కొండ పాడుతోంది!” అని మురిసేవారు. ఊరివాళ్లు మాత్రం గబగబా తలుపులేసుకుని టీవీ సౌండు పెంచేవారు.

లాడ్జిలో ఊడ్చే పనికి వెళ్లిన కోడలు ఒకనాడు కర్రల్లా బిగిసిన చేతులతో తిరిగొచ్చింది. మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఆ రాత్రే ఆమె నోట మామగారి గొంతు!

“అమ్మడూ... దారి ఖాళీయేనా...? పలకవేం తల్లీ...?”

కింద పట్నం డాక్టరు నరాల బలహీనత అన్నాడు. లాడ్జికి దూరంగా ఉంచితే ఆమెకు ఊపిరి ఆడేది కాదు. చేసేది లేక అక్కడే వదిలారు. పెళ్లానికి దగ్గరగా ఉండొచ్చని అతను అక్కడే దుప్పట్లు మోసే పనిలో చేరాడు.

ఇవాళ పొద్దున బయల్దేరుతుంటే తల్లి గడప దగ్గర అడ్డం నిలబడింది.

“వాడి కాళ్లు పట్టుకునైనా సరే, పిల్లని ఇంటికి తీసుకురా నాయనా!”

“కాళ్ల నిండా కూడా ఉంగరాలేనమ్మా. పట్టుకోడానికి చోటెక్కడుంది?” అన్నాడు అతను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

జారిన మూట ఎత్తుకుని, పెళ్లాన్ని వెతుక్కుంటూ నేలమాళిగ తలుపు నెట్టాడు. లోపల...

రక్తవర్ణపు ముగ్గు! కొవ్వు దీపాల కంపు! మధ్యలో గుడ్డ మీద కపాలం! ముందుపన్ను సగం విరిగి ఉంది. తూము గడ్డపార తగిలి విరిగిన పన్ను అది.

“నాన్నా...!”

“గుర్తుపట్టావే!” చీకట్లోంచి ఉంగరాలు గణగణమన్నాయి. “చచ్చినా పని మానని మనిషిరా మీ నాన్న! జవాబు రానిదే పలక ఎత్తడు. ఆ జవాబు కొట్టే చేతుల్ని బంధించాను. అంతే... మడుగు నాది! కొండ నాది! కానీ చేతుల్లో ఇంకా వేడి చావలేదు. అప్పుడప్పుడూ వేళ్లు కదులుతున్నాయి. ఇవాళ వాటిని అగ్నికి ఆహుతి చేస్తే ఇక నాకు ఏ భయమూ లేదు!”

హోమగుండం అవతల ఆమె! జుట్టు విరబోసుకుని, కట్టేసిన చేతులతో...!

“వదిలెయ్యండి సార్... మీ దగ్గర ఊరికే పనిచేస్తాను... దాన్ని వదిలెయ్యండి...” అంటూ అతను ముందుకురికాడు. గుప్పెడు భస్మం మొహాన పడింది. కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. నాలుక మొద్దుబారింది. కళ్లు మాత్రమే మిగిలాయి... చూడ్డానికి!

మంత్రాలు హోరెత్తాయి. అగ్నిజ్వాలలు పడగలెత్తాయి. ఆమె చేతుల్ని గుండం వైపు ఈడ్చాడు వాడు. ఆమె కేకకు దీపాలు రెపరెపలాడాయి. కట్టుకున్నవాడు నాలుగడుగుల దూరంలో నిలబడి, కనీసం కళ్లు మూసుకోలేకపోయాడు!

ఆహుతికి ముందు లోహనాదం చెయ్యాలి. మాంత్రికుడు గంట ఎత్తి ఊపాడు. ఫెళ్లున పిడుగు! గంట నాలుక ఊడి నేల మీద పడింది. ముహూర్తం దాటిపోతోంది. వాడు విసుగ్గా చుట్టూ చూశాడు. గోడకు వేలాడుతున్న ఇనపరేకు కనబడింది. మధ్యలో సొట్ట. ఆమె ఏళ్ల తరబడి కొట్టికొట్టి పడ్డ సొట్ట.

అలంకారమే కదా అనుకున్నాడు వాడు! రేకు అందుకున్నాడు.

వద్దు... కొట్టకు... నా పెళ్లాం ఇక్కడుంది... కింద ఊరుంది... అని అతని గుండె అరిచింది. నోరు పెగల్లేదు.

ఖంగ్...!

ఖంగ్...!!

ఖంగ్...!!!

నిశ్శబ్దం. వాన కూడా ఆగినట్టయింది. మాళిగలోకి ఎక్కడి నుంచో బీడీ వాసన వచ్చింది...

ఆమె తల మెల్లగా లేచింది. ముసలి గొంతు, ప్రశాంతంగా...

“అలాగే అమ్మడూ, వదుల్తున్నా. ఒరేయ్, నా బీడీ అయిపోయేలోగా పిల్లని తీసుకుని గట్టెక్కరా!”

భస్మం బంధం పుటుక్కున తెగింది. అతను ఆమెను భుజాన వేసుకుని మెట్ల వైపు పరుగెత్తాడు.

“ఆగు! నా ఆజ్ఞ! ఈ కపాలం నా...” అంటూ వాడు పుర్రెను రెండు చేతులా పట్టుకున్నాడు. దవడ టక్కున మూసుకుంది. ఉంగరాల వేళ్లు పళ్ల మధ్య ఇరుక్కుపోయాయి! లాగాడు... గింజుకున్నాడు... “అన్నా! బాబూ! ఒక్కసారి వెనక్కి రా...!” అని మొదటిసారి మనిషిలా ఏడ్చాడు.

కొండ గర్జించింది. ఏడాది పాటు జవాబు కోసం కాచుకున్న నీళ్లు ఒక్క ఉదుటున దిగాయి! ప్రళయఘోషతో, బండలను గులకరాళ్లలా దొర్లించుకుంటూ! మూడంతస్తులూ మట్టిముద్దయ్యాయి. మాంత్రికుడి ఆర్తనాదం సగంలోనే ఆగిపోయింది.

నీళ్లకు పాతదారి గుర్తుంది. అవి అక్కడ ఆగలేదు.

గట్టు మీద తల్లి అప్పటికే ఉంది, జారి మోకాళ్లు చెక్కుకుపోయి. లాడ్జి నుంచి మూడు జవాబు దెబ్బలు వినగానే ఇల్లు వదిలి బయటపడింది. “వీధంతా అరుచుకుంటూ వచ్చానురా. దారి వదలండర్రా అని ప్రతి తలుపూ కొట్టాను. టీవీల మోత. ఒక్కళ్లూ తియ్యలేదు...”

మబ్బులోకి చూస్తూ ముగ్గురూ నిలబడ్డారు. బావమరిది పేరెట్టి అరిచాడు అతను. గొంతు పోయేదాకా అరిచాడు. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి అదీ లేదు.

ఆమె బతికింది. చేతులు మాత్రం తిరిగి రాలేదు. బురదలో దొరికిన సొట్ట రేకును అతను గట్టు మీద వేసుకున్న రేకుల ఇంటి ముందు కట్టాడు. రోజూ ఆమెకు అతనే ముద్దలు పెడతాడు. “పెద్ద ముద్దలు పెడతారేమిటి, నేనేమన్నా మీ మేకనా?” అంటుంది. అలా అన్న రోజు తల్లి కొంచెం తింటుంది.

మళ్లీ వానలొచ్చాయి. మళ్లీ కొత్తవాళ్లూ వచ్చారు. కొట్టుకుపోయిన నేల మీద టేపులు పరిచి కొలుస్తున్నారు.

“ఇది కాలవండీ” అన్నాడు అతను.

“ఒకప్పుడు కదా తమ్ముడూ!” అని భుజం తట్టారు. పునాదులు తవ్వారు. కూలీల పిల్లలు ఆ గుంటల్లో ఆడుకుంటున్నారు. అతను చెప్పిన చోటల్లా చెప్పాడు. విన్నవాళ్లు తలూపారు.

ఒక మధ్యాహ్నం కారుమబ్బు కిందికి దిగింది. గుడ్లగూబ కూసింది...

ఖంగ్... ఖంగ్... ఖంగ్...!

తల్లి చెవి ఒగ్గి వింది.

“మీ నాన్న కాదురా.”

అవును. ఆ దెబ్బల్లో నిదానం లేదు. తొందర, వణుకు. దెబ్బ దెబ్బకూ వెనకాల గణగణమని ఇత్తడి ఉంగరాల మోత! నాన్న దిగిపోయిన చోట కాపలాకు ఇంకొకణ్ని నిలబెట్టింది కొండ. వదలనా... వదలనా... అని బతిమాలుతోంది ఆ చెయ్యి. జవాబు వచ్చేదాకా దానికి విడుదల లేదు.

కింద గుంటల్లో పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. పైన మడుగు నిండుతోంది.

ఆమె తన కర్రచేతుల వైపు చూసుకుంది. “వాడికి ఏం జవాబు చెబుదామండీ?”

అతను రేకును విప్పి, నేల మీద బోర్లించి, గాలికైనా మోగకుండా దాని మీద కూర్చున్నాడు.

ఖంగ్... ఖంగ్... ఖంగ్...