మామూలు కళ్లు

దొనకొండ మీదుగా ఆకాశ బస్సులు తిరగడం మొదలై చాలా ఏళ్లయింది. వాటిని నడపాలనుకునే కుర్రకారు ముందుగా కంటి పరీక్షకు నిలబడాలి. అందులో తప్పినవాళ్లు డాక్టర్ వకుళ దగ్గరికి వెళతారు.

వకుళ కనిపెట్టిన సాధనం పేరు నేత్రసూత్రం. కనుగుడ్డును తిప్పే కండరాలు ఆరు. అవి ఒక్క తీరున లాగకపోతే చూపు చెదురుతుంది. అలసినప్పుడు ఒకే రన్‌వే రెండుగా కనిపిస్తుంది. ఆ కండరాలకు జతగా వెంట్రుకకన్నా సన్నని తీగలు కుడితే, వాటికి అమర్చిన చిప్ రెండు కళ్లనూ ఒకే గురికి చేరుస్తుంది. తీగ పడ్డాక సొంత కండరం క్రమంగా చచ్చుబడుతుంది. ఇక వెనక్కి తీయడం కుదరదు. మెల్లకన్ను ఉన్నవాళ్లకు అదేమంత నష్టంగా తోచలేదు.

ఒకరోజు షమీమ్ అనే అమ్మాయి వచ్చింది. గ్లైడర్ శిక్షణలో అందరికన్నా ముందు నిలిచి, కంటి పరీక్షలో పోయానని చెప్పింది. వకుళ ఆమె కళ్లను ఒకదాని తర్వాత ఒకటి మూసి తెరిచి చూసింది. గుడ్డు ఇసుమంతైనా పక్కకు జరగలేదు.

"నీ కళ్లకేం కాలేదమ్మా. చక్కగా ఉన్నాయి."

"అందుకే తీసేశారు మేడమ్," అంది షమీమ్.

అప్పుడు కొత్త నిబంధన సంగతి చెప్పింది. దూరం నుంచి దగ్గరకు చూపు మళ్లించడానికి ఇచ్చే గడువును వైమానిక మండలి బాగా కుదించింది. తీగలున్న కళ్లు ఆ వేగాన్ని అందుకుంటాయి. పుట్టుకతో వచ్చిన కళ్లు అందుకోలేవు.

వకుళ మండలి అధ్యక్షుడు కెప్టెన్ యోహానును కలిసింది. నేత్రసూత్రం వేయించుకున్న మొదటి మనిషి అతనే. ఒకప్పుడు మెల్లకన్ను ఉందని ఇదే మండలి తిప్పి పంపితే ఆమె ముందు కూర్చుని ఏడ్చినవాడు. మామూలు కళ్లవల్ల ఎక్కడైనా ప్రమాదం జరిగిందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. మరి ఎందుకీ నిబంధన అని నిలదీసింది.

"మేం కళ్లు కోయించుకుని వచ్చాం డాక్టరు గారూ. వాళ్లు ఊరికే ఎట్టా వస్తారు?"

వకుళ తిరిగొచ్చి షమీమ్‌కు నచ్చజెప్పింది. నిబంధన మారేదాకా పోరాడదాం, ఆగమంది.

"అది మారేసరికి నా వయసు దాటిపోద్ది. మీరు చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు మేడమ్."

చేయనంటే ఈసారి ఆ పిల్లకు తలుపు మూసేది తానే అవుతుంది. చేస్తే ఆ నిబంధనకు తానూ సంతకం పెట్టినట్టే. వారం రోజులు నలిగిపోయి, చివరికి ఒప్పుకుంది.

షమీమ్‌కు మత్తు ఎక్కాక వకుళ కంటి పొరను పక్కకు తీసింది. ఇన్నేళ్లుగా ఆమె చేతికి వచ్చినవన్నీ పట్టు తప్పిన కండరాలే. ఇది ఎర్రగా, బిగువుగా ఉంది. సూది మొన ఆనగానే గట్టిగా ఎదురుతన్నింది.

నర్సు తీగ అందించింది. వకుళ దాన్ని అందుకుంది.