పటం ముందర పెట్టిన కార్డు

"మిక్సీ యాడ మేడం?"

రవిచంద్ర అరిచిన అరుపుకు తిరుపతి గాంధీరోడ్డులో పోయేవాళ్లు నిలబడినారు. బట్టలంగడి ముందర గొడుగేసుకోని, క్రెడిట్ కార్డులకు మనుషుల్ని చేర్పిస్తా ఉండే నవీన తలెత్తింది. కార్డు తీసుకుంటే మిక్సీ ఫ్రీ అని ఆమె వెనక బోర్డు.

"మూడు నెల్లు దాటిపాయ. మా అమ్మ ఇంకా రోట్లోనే రుబ్బతా ఉండాది. ఇది మోసం కాదా?"

"మోసం అనబాకండి సార్. కార్డుతో ఏమన్నా కొన్నారా?"

"కొనేదేంది? కొత్తది గదా అని అమ్మ పసుపు కుంకుమ పెట్టి సామి పటం ముందర పెట్టింది. మంచిరోజు చూడకుండా తీస్తారా?"

నవీనకు నవ్వొచ్చింది. ఎంటనే కోపం వచ్చింది.

"తొంభై రోజుల్లో ఒకసారన్నా వాడితేనే మిక్సీ. ఆ సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజే మీ ఇంటికి ఫోన్ చేసినా. పటం ముందరది తీసేదానికి లేదు అని మీ అమ్మ ఫోన్ పెట్టేసింది!"



అప్పుడే నవీన ఆఫీసరు హరినాథ్ వచ్చినాడు. విని, ఒక తెల్లకాగితం తీసినాడు.

"ఈ అమ్మాయి చెప్పలేదని రాసి సంతకం పెట్టండి సార్. ఈమెను తీసేస్తాం. మీకు మిక్సీ ఇప్పిస్తా."

 రాసుకోండి అన్నట్టు నవీన తనే పెన్ను తీసి బల్లమీద పెట్టింది. 

రవిచంద్రకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, షరతు చీమకాళ్ల మాదిరి అచ్చేసింది మీరు. దాచింది మీరు. ఉద్యోగం పోయేది ఆమెదా? ఫోన్ చేసి చెప్పింది ఈమె ఒక్కతే!"

ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, హరినాథ్ చేతిలో కొట్టినాడు. "దీన్ని మీ పెద్దాఫీసుకు పంపించు. ఇంకో కాపీ నేనే పంపిస్తా. ఈమెను తీస్తే చూడు."

హరినాథ్ గమ్మున బండెక్కి పోయినాడు.

"మిక్సీ పాయ గదా," అనింది నవీన.

"పోనీ. జీతం వస్తే కొంటా. ఆ పొద్దు కార్డుకు నేను సంతకం పెట్టింది మిక్సీని చూసి కాదు."

"మరి?"

"మిమ్మల్ని చూసి."

నవీన మొహం ఎర్రబడింది. సిగ్గుతో కాదు.

"అయితే మూడు నెల్లు యాడికి పోయినారు? మీ వడమాలపేట నుంచి తిరుపతికి బస్సుల్లేవా?"