కత్తిరించని మాట

క్యాంటీన్ కిటికీ అద్దం మీద మార్కర్‌తో లెక్క చేస్తున్న అబ్బాయి మొహం ముందుకి హఠాత్తుగా ఒక మైకు వచ్చింది.

"ఈ యూనివర్సిటీలో లైఫ్ ఎలా ఉంది? ఒక్క నిమిషంలో చెప్పాలి."

మైకు పట్టుకున్న అమ్మాయి జర్నలిజం ఆఖరి సంవత్సరం చదువుతోంది. అది చేతిలో లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు కాబట్టి అసలు పేరు పక్కన పెట్టి అందరూ 'మైకు' అనే పిలిచేవారు. ఆ పేరు చేతిలోని వస్తువు వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అన్న విషయంలో మాత్రం క్లాసులో రెండు అభిప్రాయాలుండేవి.

ఓపెన్ డే దగ్గర పడుతోంది. వచ్చే ఏడు చేరాలనుకునే పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి క్యాంపస్ చూసుకునే రోజది. వాళ్లకోసం విద్యార్థుల అభిప్రాయాలతో ఒక కార్యక్రమం తయారు చేసే పని ఆమెకి అప్పగించారు. పొద్దున్నుంచి తిరుగుతోంది. లిఫ్టు తమని చూస్తే చాలు పాడైపోతోందని, లెక్చరర్లు ఎక్కగానే బాగుపడుతోందని హాస్టల్ అమ్మాయిలు చెప్పారు. వైఫై లైబ్రరీ మెట్ల మీద తప్ప ఎక్కడా రాదని, అందుకే సగం ప్రేమలు అక్కడే మొదలవుతున్నాయని ఒక సీనియర్ చెప్పాడు. టీ రుచి తెలియకూడదనే అంత వేడిగా ఇస్తారని ఇంకొకడు కనిపెట్టాడు.

ఇక మిగిలింది మ్యాథ్స్ వాళ్లు. వాళ్లలో ఎవరినడిగినా 'మాస్టారిని అడగండి' అన్నారు. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం కుర్రాడతను. క్లాసులో అర్థంకానిదేదైనా జూనియర్లకి ఈ అద్దం మీదే విడమరిచేవాడు. అందుకా పేరు.

మాస్టారు మార్కర్ మూత పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఇక్కడ... ఇక్కడ నాకు న... న..."

"నచ్చనిది క్యాంటీన్," ఆమె అందించింది.

అతను తల అడ్డంగా ఊపాడు. "కా... కాదు. ఇక్కడ న..."

"నచ్చింది ఫ్రెండ్స్."

చుట్టూ ఉన్న జూనియర్లు నవ్వారు. అతను నవ్వలేదు. మైకుని వేలితో మెల్లగా పక్కకి జరిపాడు.

"ప్రశ్నా నువ్వే, జ... జవాబూ నువ్వే. మధ్యలో నేనెందుకు?"

అతనికి నత్తి ఉందన్న సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. మొహం వేడెక్కింది. సారీ చెప్పి, మళ్లీ మైకు పెట్టి, జీవితంలో మొదటిసారి పెదాలు బిగించుకుని కూర్చుంది. అతను తీరుబడిగా చెప్పాడు. ఆగుతూ, వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడుతూ, మధ్యలో తనమీద తనే నవ్వుకుంటూ చాలాసేపు చెప్పాడు. అతను ముగించేసరికి బయట వాన మొదలై, ఆమె టీ చల్లారిపోయింది. చల్లారిన టీ నిజంగానే బాగాలేదు.

స్టూడియోలో కూర్చుని ఆ రికార్డింగు విన్నప్పుడు ఆమెకి ముచ్చటేసింది. క్యాంపస్ మొత్తంలో ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు లేరు. కానీ నిడివి ఎక్కువ. పైగా ఇతన్ని ఎవరూ వెక్కిరించకూడదు అనుకుంది. తడబాటు వచ్చిన ప్రతిచోటా కత్తిరించింది. సాగిన అక్షరాలు తీసేసింది. సెమినార్ల గురించి అతను చేసిన ఫిర్యాదు కార్యక్రమంలో ఇమడలేదు, అదీ పోయింది. చివరికి న్యూస్ చదివేవాళ్లలా గడగడా సాగిపోయే గొంతు ఒకటి మిగిలింది. మంచిపని చేశానన్న తృప్తితో యూనివర్సిటీ పేజీలో పెట్టేసింది.

మర్నాడు క్యాంటీన్ స్పీకర్లలో అది మోగింది. స్నేహితులు అతని వీపు చరిచి, ఇంత స్పీడు ఎక్కడ దాచావని అడిగారు. అతను టీ సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయాడు.

ఆ తరువాత ఆమె ఎదురైతే పక్కకి తిరిగిపోయేవాడు. అయితే ఆ యూనివర్సిటీ కోపాలకి అనువైనది కాదు. మరీ పెద్దదైతే గుంపులో కలిసిపోవచ్చు, మరీ చిన్నదైతే రెండో రోజుకే ఎవరో ఒకరు రాజీ కుదిర్చేవాళ్లు. ఇదేమో మధ్యరకం. ఒకే లైబ్రరీ, ఒకే ఫోటోస్టాట్ సెంటరు, ఒకే బస్టాపు. మొహం తిప్పుకున్న మనిషి మలుపు తిరగ్గానే మళ్లీ ఎదురయ్యేవాడు. చివరికి లైబ్రరీ మెట్ల మీద ఆమె అడ్డంగా నిలబడి, తప్పేం చేశానో చెప్పి కదలమంది.

మెట్లకేసి చూస్తూ అతను చెప్పాడు. వాళ్లమ్మకి టైలరింగ్ షాపుంది. ఎవరో ఆ క్లిప్పు ఆమె ఫోనుకి పంపారు. కొడుకు నత్తి పోయిందనుకుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ వినిపించింది. సాయంత్రం సంతోషం పట్టలేక ఫోన్ చేసింది.

"నేను హ... హలో అన్నాను," అన్నాడు. "ఆ ఒక్క మాటతోనే ఆవిడకి తెలిసిపోయింది. ఏమీ అనలేదు. అన్నం తిన్నావా అని అడిగి పెట్టేసింది."

ఆమె అడ్డు తప్పుకుంది.

"న... నవ్వుతారనే కదా తీసేశావు? నవ్వేవాళ్లు నవ్వుకుంటారు, నాకు అలవాటే. కానీ నువ్వు తీసేసింది నన్నే."

అతను దిగి వెళ్లిపోయాక కూడా ఆమె అక్కడే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం స్టూడియోలో అసలు రికార్డింగు మళ్లీ విన్నది. ఈసారి ఆమె చెవికి కొత్తవి దొరికాయి. మాట చిక్కుకున్నప్పుడు అతను తీసుకున్న ఊపిరి, అది విడిపడగానే వచ్చిన చిన్న నవ్వు, కిటికీ మీద వాన చప్పుడు. ఇవన్నీ తనే చేత్తో ఏరి పారేసింది. కళ్లు తుడుచుకుని పేజీలోంచి ఆ క్లిప్పు తీసేసింది.

తీసిన గంటలోపే అడ్మిషన్స్ ఆఫీసరు పిలిపించాడు. మంచి సూటు, మంచి చిరునవ్వు ఉన్న మనిషి. అందరికంటే ఎక్కువమంది విన్న గొంతు అదేనని, ఓపెన్ డే నాడు ఆ కుర్రాణ్ణి వేదిక ఎక్కించాలని, ఆమే పక్కనుండి ప్రశ్నలడగాలని చెప్పాడు. ముందు వరుసలో రేడియో స్టేషన్ వాళ్లుంటారని, ఆమెను ఉద్యోగానికి చూడబోతున్నారని కూడా చెప్పాడు. అతనికి నత్తి అన్న సంగతి ఆఫీసరుకి తెలియదు. చెప్తే అతన్ని తీసేస్తారు. అంటే రెండోసారి కత్తిరించడం కూడా తన చేతి మీదుగానే జరుగుతుంది. ఆ ముక్క అనుకునేసరికి ఆమె నోరు మూసుకుని బయటపడింది.

తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లి, అద్దం పక్కన నిలబడి, జూనియర్ల ముందే క్షమించమంది. తరువాత ఆఫీసరు అడిగింది చెప్పి, ఇష్టం లేకపోతే తనే వెళ్లి కుదరదని చెప్తానంది.

మాస్టారు చాలాసేపు మార్కర్ మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"వస్తాను," అన్నాడు చివరికి. "ఒక్క ష... షరతు. నేను ఆగినచోట నువ్వు అందుకోకూడదు."

"ఊపిరి బిగబట్టమను, బిగబడతాను. ఇది నావల్ల కాదేమో."

"ప్రాక్టీస్ చెయ్యి."

అలా వాళ్ల రిహార్సల్స్ మొదలయ్యాయి. సాధారణంగా మాట్లాడేవాళ్లు సాధన చేస్తారు. ఇక్కడ వినేవాళ్లు చేశారు. అతను ఏదో ఒకటి చెప్పేవాడు, ఆమె జ్యూస్ స్ట్రా కొరుకుతూ కూర్చునేది. మొదట్లో ప్రతి మాటకీ పెదాలు కదిలిపోయేవి. అతను చూపుడువేలు ఎత్తేవాడు. ఆమె మళ్లీ స్ట్రా నోట్లో పెట్టుకునేది. జూనియర్లు పక్క టేబుల్ నుంచి ఆమె తప్పులు లెక్కపెట్టేవారు.

పోను పోను ఒక చిత్రం జరిగింది. ఏం అందించాలా అన్న ఆత్రం తగ్గేసరికి ఆమెకి చూడడానికి తీరిక దొరికింది. మాట చిక్కినప్పుడు అతను ఎడమవైపు కిందికి చూస్తాడని, అది దొరకగానే తిన్నగా తన కళ్లలోకే చూస్తాడని గమనించింది. ఆ చూపు కోసం ఎదురుచూడడం ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. ఒకరోజు అతను ఒక వాక్యం మధ్యలో ఆగి ఎంతకీ ముగించకపోతే, కొంపదీసి ఇంకా నత్తేనా అని అడిగింది. కాదని, ఆమె కళ్లజోడు కొత్తదా అని ఆలోచిస్తూ మర్చిపోయానని అతను చెప్పాడు. జూనియర్లు ఆరోజు ఏమీ లెక్కపెట్టలేదు.

ఓపెన్ డే వచ్చింది. హాలు నిండిపోయింది. గోడల వెంబడి కూడా తల్లిదండ్రులు నిలబడ్డారు. మొదలవబోయే ముందు, తెర వెనక మాస్టారు మైకు పరీక్షిస్తూ "హ... హలో" అనడం ఆఫీసరు విన్నాడు. చిరునవ్వు జారిపోయింది. ఆమెను పక్కకి పిలిచి, రికార్డింగే వేద్దామని, కుర్రాడు పక్కన నిలబడి నవ్వితే చాలని అన్నాడు. ఇంతమంది ముందు అబ్బాయి పరువు పోకూడదనేగా తన బాధ అని కూడా అన్నాడు.

సరిగ్గా ఆరోజు స్టూడియోలో తను అనుకున్న మాటే. ఇంకొకరి నోట వినేసరికి అది ఎంత చేదుగా ఉందో ఆమెకి తెలిసింది.

"ఆ రికార్డింగు అబద్ధం సార్. నేనే తయారు చేశాను. వేయను."

అయితే కార్యక్రమం ఇంకొకరి చేత చేయిస్తానన్నాడు ఆఫీసరు. రేడియో వాళ్ల సంగతి గుర్తుచేశాడు. ఆమె తన చేతిలోని మైకు తీసి ఆయన చేతిలో పెట్టింది. "చేయించండి సార్. జనం కూర్చునే ఉన్నారు."

ఆయన తెర సందులోంచి హాలుని చూశాడు. అంతమందిని చూశాడు. టై సవరించుకున్నాడు. చుట్టూ ఇంకెవరైనా ఉన్నారేమోనని వెతికాడు. తరువాత మారు మాట్లాడకుండా మైకు ఆమెకి తిరిగి ఇచ్చేశాడు.

వేదిక మీద ఆమె ఒకే ప్రశ్న అడిగింది. ఇక్కడ లైఫ్ ఎలా ఉందని.

"ఇ..." అన్నాడు మాస్టారు. మాట అక్కడే ఇరుక్కుంది. ఎడమవైపు కిందికి చూశాడు. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు తెర పక్కనుంచి ఆమెకి చేత్తో సైగలు చేస్తున్నాడు. అతను చెప్పబోయే ప్రతి మాటా ఆమెకి తెలుసు. నాలుక చివరే ఉన్నాయి. మైకు రెండు చేతులతో పట్టుకుని, అతని కళ్లు పైకి లేచేదాకా కదలకుండా నిలబడింది.

అవి లేచాయి. ఆమెనే చూశాయి.

"ఇక్కడికి నేను దా... దాక్కోవడానికి వచ్చాను," అన్నాడు. "కుదరలేదు. ఇక్కడ రోజూ అవే మొహాలు కనిపిస్తాయి. మొదటి నెల నా... నా వైపు జాలిగా చూశారు. రెండో నెలకి జాలి బోరు కొట్టి లెక్కలు అడగడం మొదలుపెట్టారు." హాలు నవ్వింది. ఈసారి అతను కూడా నవ్వాడు. "అది నాకు నచ్చింది. నచ్చనిది ఒక్కటే. మా సెమినార్లో టైమ్ అయిపోగానే గంట కొ... కొడతారు. నాకు లెక్క వచ్చు. చెప్పడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది. ప్రతిసారీ జవాబు దగ్గరికి వచ్చేసరికి గంట మోగుతుంది. నేను టీచర్ని అవుదామనుకుంటున్నాను. నా మా... మార్కులు లెక్కకి వేయండి. వేగానికి కాదు."

అప్పుడు మొదలైన చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అవి తగ్గాక మధ్య వరుసలో ఒక అమ్మాయి లేచింది. పక్కన ఆమె నాన్న కంగారుగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆమె కూర్చోలేదు.

"అ... అ... అన్నా," అంది. హాలంతా ఆ పిల్ల కోసం ఆగింది. "మ్యా... మ్యాథ్స్‌లో సీట్లు ఉన్నాయా?"

"నీకు ఉంది," అన్నాడు మాస్టారు.

ముందు వరుసలోని వైస్ చాన్సలర్ గారు వెనక్కి తిరిగి, ఆ గంట ఎవరి దగ్గరుంటుందని అడిగారు. మ్యాథ్స్ హెడ్ బిడియంగా చెయ్యెత్తారు. దాన్ని రేపు తన టేబుల్ మీద పెట్టి వెళ్లమన్నారు ఆయన. ఆ గంట మళ్లీ మోగలేదు. రేడియో స్టేషన్ ఆవిడ అయితే మైకుని పిలిచి, అందరూ మాట్లాడేవాళ్లనే పంపిస్తారని, ఆగడం తెలిసినవాళ్లకోసం చాన్నాళ్లుగా చూస్తున్నామని, సోమవారం వచ్చి కలవమని చెప్పింది.

హాలు వెనక వరండాలోకి వచ్చేసరికి వాన దంచేస్తోంది. మాస్టారు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఉద్యోగం సంగతి చెప్పబోయింది. అతను వేలెత్తాడు.

"నీ... నీతో మాట్లాడుతూ ఉండాలని ఉంది," అన్నాడు. "రిహార్సల్ కోసం కాదు. బ... బతికినంతకాలం."

క్యాంపస్‌లో ఎవరికీ దక్కని దృశ్యం అతనికి దక్కింది. మైకు నోరు తెరిచి, మాట దొరక్క, మళ్లీ మూసుకుంది. తల మాత్రం గట్టిగా ఊపింది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. అతను దాన్ని వేలితో పైకి నెట్టాడు.

"ఏరా, వాన జల్లులో తడుస్తావేంటి?" వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. పెద్ద గొడుగు కింద, కొడుకు మాట వినడానికి వచ్చిన వాళ్లమ్మ. కొడుకు దగ్గరకొచ్చి, చెమట పట్టిన నుదురు చీర చెంగుతో తుడిచింది. ఆ క్లిప్పులో నీ గొంతులో నువ్వు లేకపోయినా పోల్చుకోలేక మురిసిపోయాన్రా అంది. ఆ తరువాత అమ్మాయి వైపు తిరిగింది.

"మావాడి మాటలు కత్తిరించింది నువ్వేనా?"

"నేనేనండీ ఆంటీ. తప్పయిపోయింది."

"పొద్దున్నలేస్తే నేను చేసేదీ కత్తిరించడమే తల్లీ. కత్తెర తప్పు పడడం నాకూ తెలుసు. ఇవాళ నువ్వు నిలబడింది కూడా చూశాను." ఆవిడ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. టైలరు కంటికి కొలతలు తెలియడానికి టేపు అక్కర్లేదు.

"ఆంటీ అనకు, షాపుకొచ్చినవాళ్లు పిలిచినట్టుంది," అంది.

"మరి ఏమని పిలవనండీ?"

"మీ అమ్మానాన్నల్ని కలిసి మాట్లాడాక చెప్తాను. ముందు పదండి, ఎక్కడైనా కూర్చుని వేడిగా ఏమైనా తాగుదాం."

గొడుగు ముగ్గురికీ చాలలేదు. ఆవిడ దాన్ని వాళ్లిద్దరి చేతుల్లో పెట్టి, చెంగు తలమీద కప్పుకుని, చకచకా ముందు నడిచింది.